శని, ఆదివారాల తిండికి కూడా నువ్వు డబ్బు కట్టావు, తమ్ముడూ

నీ ఉత్తరంలో 'రాజాం, విజయనగరం జిల్లా' అని చూసి కాసేపు తికమకపడ్డాను. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అటు కలిపారని తెలుసు గానీ, ఆమదాలవలసలో పుట్టి పెరిగినవాడికి రాజాం ఎప్పటికీ శ్రీకాకుళమే. సరేలే, ఎలా చూసినా మనవాడివే.

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్‌కి సీటొచ్చింది, మొదటి ఆరు నెలలు అక్కడి వాళ్ల ఇంట్లో హోమ్‌స్టే తీసుకున్నాను అని రాశావు. వారమంతా క్లాసులతో గడిచిపోతుంది, శని ఆదివారాలు ఎలాగన్నదే నీ టెన్షన్. గదిలో కూర్చుంటే ఏమైనా అనుకుంటారా, ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లి పడుకోవచ్చా, వంట చేసుకోనిస్తారా, బెంగ పెట్టుకుంటానేమో అని నాలుగు ప్రశ్నలడిగావు. అసలు అడగాల్సింది ఒక్కటీ అడగలేదు. ఆ రెండు రోజులకీ నువ్వు ఎంత కడుతున్నావు?

హోమ్‌స్టే డబ్బు వారానికి ఏడు రోజుల లెక్కన తీసుకుంటారు. చాలా ఇళ్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున టిఫినూ, రాత్రి భోజనమూ పెడతారు. శని ఆదివారాలు మధ్యాహ్నం భోజనం కూడా అందులోనే. అంటే తిండి ఎక్కువ దొరికేది వీకెండ్‌లోనే. మనవాళ్లు సరిగ్గా ఆ రెండు రోజులే ఇంట్లో ఉండరు. వీసా కోసం ఏడాది ఖర్చుకి 29,710 డాలర్లు చూపించాలని 2024 మేలో పెట్టారు కదా, ఆ కాగితాల కోసం మీ నాన్నగారు బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరిగుంటారో నాకు తెలుసు. (ఇప్పుడు ఎంత చూపించాలో ఇక్కడ వీసాలిచ్చే హోమ్ అఫైర్స్ శాఖ సైట్‌లో చూసుకో, నన్నడగకు.) చూపించడం వేరు, ఖర్చు పెట్టడం వేరు.

నేను వచ్చింది 2009లో. మెల్‌బోర్న్‌లో మన విద్యార్థుల మీద దాడులని టీవీలన్నీ ఊదరగొడుతున్న రోజులవి. మెల్‌బోర్న్ శివార్లలోని క్లేటన్‌లో మన కుర్రాళ్లు అయిదుగురున్న గదిలో చేరితే సగం డబ్బుతో అయిపోయేది. కానీ మా అమ్మ ఆ వార్తలు చూసి అన్నం మానేసింది. తెల్లవాళ్ల ఇంట్లో ఉంటేనే పంపుతామని మా నాన్న పట్టుబట్టాడు. రైల్వేలో చిన్న ఉద్యోగం ఆయనది, బ్యాంకు లోన్‌కి ఊళ్లో చేసిన అప్పు తోడు. అలా హోమ్‌స్టేలో పడ్డాను. ఇంటాయన, ఇంటావిడ, హైస్కూల్లో చదివే వాళ్ల అమ్మాయి, నేను.

పడి ఏం చేశాను? శుక్రవారం క్లాసు అవగానే అటునుంచి అటే క్లేటన్ రైలెక్కేవాణ్ని. తెలుగు వినపడితే చాలనిపించేది. అక్కడ చికెన్‌కి వాటా, బియ్యానికి వాటా, ఆదివారం సినిమాకి వాటా, రానూపోనూ టికెట్టు. మనవాళ్లు ప్రేమగానే ఉంటారు గానీ నెలాఖరున నోట్‌బుక్ తీస్తే పైసాతో సహా లెక్క తేలాల్సిందే. కరెంటు బిల్లులో కూడా నాకు వాటా వేశారు, వారానికి రెండు రాత్రులు పడుకుంటున్నందుకు.

ఒక సోమవారం రాత్రి పాల కోసం ఫ్రిజ్ తీస్తే కింది అరలో రెండు ప్లేట్లున్నాయి. పైన ప్లాస్టిక్ పొర బిగించి, దాని మీద పసుపు కాగితం అంటించి నా పేరు రాసుంది. ఒకదాని మీద 'శని', ఇంకోదాని మీద 'ఆది'. ఒకదాంట్లో కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, పచ్చిబఠానీలు, పక్కన గడ్డకట్టిన గ్రేవీ. ఇంటావిడ వెనకనుంచి వచ్చి, "నలుగురికని వండుతున్నాను. రాకపోతే శుక్రవారం పొద్దున చెప్పు" అంది. అరవలేదు, అలగలేదు. మా అమ్మయితే రెండు రోజులు మాట్లాడేది కాదు. ఆ రాత్రి మంచం మీద కూర్చుని లెక్క వేశాను. రెండు చోట్ల తిండికి కడుతున్నాను, ఒక చోట తినకుండానే. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసేసరికి నిద్ర పట్టలేదు. వీకెండ్ డబ్బు తగ్గించమని ఏర్పాటు చేసినవాళ్లని అడిగితే అలా కుదరదన్నారు.

ఇక శనివారాలు ఇంట్లో ఉండటం మొదలుపెట్టాను. వాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదులే, కట్టిన డబ్బు తిని తీరాలని.

మొదటి దెబ్బ మొహమాటం. మనవైపు ఎవరింటికెళ్లినా మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి వాళ్లే వడ్డించేయాలి. ఇక్కడ ఒక్కసారి వద్దంటే గిన్నె తీసేస్తారు. ఆ మధ్యాహ్నం ఖాళీ కడుపుతో బయటికి నడిచి, ఇంట్లో ఊరికే దొరికేదాన్ని డబ్బిచ్చి కొనుక్కుని తిన్నాను. నువ్వు మొదటిసారే "తింటానండీ" అను. తినకూడనివి ఫారంలోనే స్పష్టంగా రాయి. శనివారం పెరట్లో బార్బెక్యూ పెడితే సాసేజ్ చాలాసార్లు బీఫ్‌తో చేసిందే ఉంటుంది. నోట్లో పెట్టుకున్నాక అడిగితే ఇద్దరికీ ఇబ్బందే.

రెండోది స్నానం. అప్పుడిక్కడ పెద్ద కరువు, మనిషికి రోజుకి 155 లీటర్లే వాడమని ప్రచారం చేసేవారు. బాత్రూంలో గోడకి నాలుగు నిమిషాల ఇసుక గడియారం, షవర్ కింద బకెట్. బకెట్ చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంటి దగ్గరలాగే నింపుకుని చెంబుతో శుభ్రంగా పోసుకున్నాను. వేడి నీళ్లొచ్చేలోపు పడే చన్నీళ్లు పట్టి నిమ్మచెట్టుకి పొయ్యడానికట ఆ బకెట్. ఆ వారం చెట్టుకి నా సబ్బునీళ్లు పడ్డాయి. ఇంటాయన నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఏమీ అనకుండా చెట్టు చూపించాడు. ఇప్పుడు అంత కరువు లేకపోవచ్చు, అయినా శనివారం కదా అని తలుపేసుకుని అరగంట స్నానం చెయ్యకు. గ్యాస్ బిల్లు వాళ్లదే.

శనివారం పొద్దున వాళ్లు ఏ పనిలో ఉంటే అందులో చెయ్యి వెయ్యి. గడ్డి కోస్తుంటే కోసిన గడ్డి బిన్‌లో వెయ్యి. సరుకులకి వెళ్తుంటే కార్లో కూర్చో. మీ బ్యాచ్ పిల్లలకి ఇది చెప్తే, మేము పనివాళ్లమా అంటారు. నాయనా, అలా వెళ్లినందుకే నాకు ఆప్‌షాప్ అంటే ఏంటో తెలిసింది. చారిటీ వాళ్లు నడిపే పాత సామాన్ల దుకాణం. జూలై చలికి మాల్‌లో కోటు కొందామని బయల్దేరుతుంటే ఇంటావిడ ఆపి అక్కడికి తీసుకెళ్లింది. ఎనిమిది డాలర్లకి ఉన్నికోటు, జేబులో ఎవరిదో పాత ట్రామ్ టికెట్టుతో సహా. ఆ కోటుతోనే కోర్సు పూర్తి చేశాను, మొదటి ఇంటర్వ్యూకి కూడా అదే. ఇవాళ నాకిక్కడ సొంతిల్లుంది, లోన్ సగం పైనే తీర్చాను. అయినా కోటు కొనాలంటే ముందు ఆప్‌షాప్‌కే వెళ్తాను. మా ఆవిడకి నచ్చదు, అది వేరే సంగతి.

వంటంటావా, అడిగి చేసుకో, ఆదివారం మధ్యాహ్నం మంచిది. ఎండుమిర్చి పోపు వేసే ముందు కిటికీ తియ్యి, లేకపోతే అలారం మోగుతుంది. ఎండు నెత్తళ్లు మాత్రం వద్దు, ఆ వాసన కర్టెన్లకి పట్టుకుంటే పోదు. అసలు తిండి సామాను ఏది తెచ్చినా ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చెయ్యాలి. వాళ్లకి ఏదైనా పట్టుకెళ్లాలనుంటే పొందూరు ఖాదీ తీసుకో. బరువుండదు.

ఫోన్ సంగతి. మీ ఇంట్లో రాత్రి భోజనాలయ్యి తొమ్మిదింటికి తీరిగ్గా చేస్తే, ఇక్కడి వేసవిలో, అంటే డిసెంబరు, జనవరిల్లో, అర్ధరాత్రి దాటి రెండున్నర. మనం ఫోన్లో మాట్లాడితే వీధంతా వినపడుతుంది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి నువ్వే చెయ్యి, అమ్మ అప్పుడే పొద్దున్న కాఫీ పెడుతుంటుంది.

పార్ట్‌టైం పని దొరికితే ఆదివారం షిఫ్ట్ వదలకు, చాలా ఉద్యోగాల్లో ఆ రోజు రేటు ఎక్కువ. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలు దాటకూడదు, 2023 జూలై నుంచి ఇదే లెక్క. చేతికి క్యాష్ ఇస్తామనేవాళ్లని నమ్మి తక్కువకి ఒప్పుకోకు.

బెంగ అన్నావు. వస్తుంది. తలుపేసుకుని గదిలో పడుకున్నవాడికి ఇంకా వస్తుంది, వచ్చినప్పుడు వేలు ఫోన్లో బిర్యానీ ఆర్డర్ మీదకే పోతుంది. డెలివరీ చార్జీతో కలిపి ఎంతవుతుందో చూసుకో. ఆ టైంకి హాల్లో వాళ్లతో కూర్చుని ఫుటీ, అదే ఇక్కడివాళ్ల ఫుట్‌బాల్, చూడు. ఆట నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాదు, ఎవరు అరిస్తే వాళ్లతో అరుస్తాను. దానికి ఖర్చు లేదు.

ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లొద్దనను, నెలకోసారి వెళ్లు, శుక్రవారం పొద్దున ఇంట్లో చెప్పి వెళ్లు. మిగతా శనివారాలు ఇంట్లో ఎందుకుండాలంటే, ఆరు నెలలయ్యాక నీకు అద్దె ఇల్లు కావాలి. అప్లికేషన్‌లో ఇంతకుముందు ఎక్కడున్నావు, ఎవరు చెప్తారు అని అడుగుతారు. కొత్తగా వచ్చినవాడికి చెప్పేవాళ్లుండరు, అందుకే మనవాళ్ల అప్లికేషన్లు వెనక్కొస్తుంటాయి. నా గురించి ఇంటావిడ ఒక పేజీ రాసిచ్చింది. ఎప్పుడూ ఇంట్లో లేని కుర్రాడి గురించి ఆవిడ ఏం రాసేది? అద్దె ఇళ్లు చూపించేది కూడా ఎక్కువగా శనివారాలే, నాకైతే ఇంటాయనే కార్లో తిప్పి చూపించాడు.

నీకిచ్చిన ఇల్లు ఏ సబర్బ్‌లోనో రాయలేదు. స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరమో కాదో ఇప్పుడే కనుక్కో. శివారు ప్రాంతాల్లో ఆదివారం బస్సులు చాలా తక్కువ, ఒకటి తప్పితే ట్యాక్సీయే గతి. దూరమైతే టికెట్ బుక్ చేసుకునేలోపే వేరే ఇల్లు అడుగు.