పాఠకుల ప్రశ్నలు: పిల్లలకు పోకర్ నేర్పవచ్చునా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలంలోని ఒక పల్లె. పొగాకు, శనగ సాగు చేసుకుంటాము. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికీ ఆరో తరగతి చదువుతున్న అమ్మాయికీ పోకర్ నేర్పి వెళ్లాడు. డబ్బులు పెట్టలేదు, చొక్కా గుండీలతో ఆడారు. అది లెక్కల ఆట అనీ, నైపుణ్యం ఉన్నవాడే గెలుస్తాడనీ మా అబ్బాయి వాదిస్తున్నాడు. నా భార్య తండ్రి పేకాటలో నాలుగెకరాలు పోగొట్టుకున్న మనిషి. ఆమె ఆ పేక కట్టను పొయ్యిలో వేసింది. ఆ రోజు నుంచి వాడు తల్లితో సరిగా మాట్లాడడం లేదు. ఈ ఆటను తల్లిదండ్రులే దగ్గరుండి నేర్పవచ్చునా, లేక ఇంట్లో పేక కనిపించకుండా చేయడమే మంచిదా?
– ఒక రైతు

సమాధానం: మీ ఉత్తరం చదివాక పోకర్ కంటే ముందు నా మనసులో మరొక సంగతి మెదిలింది. మామగారి పొలం ఎలా పోయిందో మీకు తెలుసు, మీ శ్రీమతికి తెలుసు. అబ్బాయికి తెలుసునని మీరెక్కడా రాయలేదు. పేకను పొయ్యిలో వేసేటప్పుడు ఆమె కళ్లముందు ఉన్నది తన చిన్ననాటి ఇల్లు. అబ్బాయి చూసింది మాత్రం తాను ఇష్టపడి నేర్చుకున్న ఆట కాలిపోవడం. అందువల్ల ముందు ఆ కథ వాడికి చెప్పాలి, అదీ ఆమె నోటనే చెప్పాలి. ఏ ఏడు ఏ చెక్క అమ్మారో, అమ్మమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు ఎప్పుడు వెళ్లిందో, తెల్లవారుజామున తాతయ్య తలుపు తట్టినప్పుడు ఇంట్లోవాళ్లు ఎలా ఉండేవారో దాచకుండా చెబితే, పద్నాలుగేళ్ల పిల్లవాడు తప్పక అర్థం చేసుకుంటాడు.

ఆ మాట అయిన తరువాత, నేర్పవచ్చుననే నా అభిప్రాయం. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పని చేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. పదో తరగతిలో సంభావ్యత పాఠం వస్తుంది, అందులో పేకముక్కల లెక్కలు ఉంటాయి. ‘మాస్టారూ, ఇస్పేటు అంటే ఏ గుర్తు?’ అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. ఇంట్లో పేక ముట్టనివ్వరు కనుక ఆ పిలకాయలు లెక్కను బట్టీ పట్టి రాసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయేవారు.

మీ మేనల్లుడు నేర్పింది బహుశా టెక్సాస్ హోల్డెమ్ అయి ఉంటుంది. అందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. మధ్యలో అయిదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మంచి అయిదింటిని లెక్కలోకి తీసుకుంటారు. చేతిలోని రెండూ ఆసులు కావడం సగటున 221 పంపకాలలో ఒక్కసారే జరుగుతుంది. ఇప్పుడు మీ అబ్బాయి చేతిలో రెండు ఆఠీనులు (ఎర్ర హృదయం గుర్తు ముక్కలు) ఉన్నాయనుకోండి. మధ్యలో తెరిచిన నాలుగింటిలో మరో రెండు ఆఠీనులున్నాయి, ఇంకొక్క ముక్క తెరవవలసి ఉంది. ఒకే గుర్తువి అయిదు కలిస్తే బలమైన చేయి కనుక, అయిదో ఆఠీను పడితే ఆట వాడిదే అనుకుందాం. గుండీల బదులు చింతగింజలు పెట్టారు; మధ్యలో 60 గింజలున్నాయి, ఎదుటివారు మరో 30 వేశారు, ఆటలో నిలవాలంటే వాడూ 30 వేయాలి. 30 పెట్టి 90 గెలిచే ఆట కనుక, నాలుగుసార్లలో ఒకసారైనా గెలిస్తేనే గిట్టుబాటు. వాడికి కనిపించని ముక్కలు 46, వాటిలో ఆఠీనులు 9. అంటే అయిదుసార్లలో ఒకసారి కూడా రాదు. చేతిలో ఎర్రగా మెరుస్తున్న ఆ రెండు ముక్కలను బోర్లించి పక్కన పెట్టడమే అక్కడ సరైన పని, అయితే ఆశ పడిన పిల్లవాడికి అదెంత కష్టమో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ఈ వదులుకోవడం కోసమే నేను నేర్పమంటున్నాను. మన రమ్మీలోనూ ఇది ఉంది. ముక్కలు చూసుకుని ఆదిలోనే స్కూట్ చేసి తప్పుకున్నవాడికి కొద్ది పాయింట్లే నష్టంగా పడతాయి, జోకరు వస్తుందని చివరిదాకా పట్టుకుని కూర్చున్నవాడికి 80 దాకా పడతాయి. పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవారికి ఆట రాక కాదు, ఆట మధ్యలో లేవడం రాకనే పోయాయి. ‘పోయినచోటే వెతుక్కోవాలి’ అనే మాట పేక దగ్గర వినిపించినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. కలిపి పంచిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. పది ఆటలు పోయినందుకు పదకొండో ఆట మనకు పడిన బాకీ ఏమీ లేదు. ఈ సంగతిని చింతగింజలు పోగొట్టుకునే వయసులోనే పిల్లలు కళ్లారా చూడాలి.

నైపుణ్యం గురించి అబ్బాయి చెప్పినదాంట్లో నిజముంది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమనీ, అది మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. కానీ వాడి తాతయ్య పొలం పోయింది కూడా అలాంటి నైపుణ్యం ఉన్న ఆటలోనే కావచ్చు కదా. ‘నాయనా, నీ పొగాకు మాత్రం జూదం కాదా?’ అని వాడు మిమ్మల్ని అడగవచ్చు కూడా. వానను, వేలం కేంద్రంలో పలికే ధరను నమ్ముకున్న సేద్యంలో నష్టభయం ఉన్నమాట నిజమే. అయితే మీ చేలో పండింది అంతకుముందు లోకంలో లేని పంట. పోకర్‌లో ఒక్క గింజ కూడా కొత్తగా పుట్టదు, ఒకరి చేతికి వచ్చింది మరొకరి చేతిలోంచి పోయిందే. పైగా డబ్బు పెట్టి ఆడించేచోట నడిపేవారి వాటా తీసేశాక, కూర్చున్నవారందరి సొమ్మూ కలిపి చూస్తే తగ్గే ఉంటుంది.

అందువల్ల గింజలకు ఏ విలువా ఉండకూడదు. గెలిచినవారికి చిరుతిండి ఇవ్వడం, ఓడినవారికి పని చెప్పడం వద్దు. అందరికీ సమానంగా పంచి, గంట తరువాత అన్నీ డబ్బాలో పోయండి, ఏ లెక్కా మర్నాటికి మోయవద్దు. ఫోన్‌లో ఉచితంగా దొరికే పోకర్ కూడా వద్దు, ఎందుకంటే అందులో పంపకానికీ పంపకానికీ మధ్య ఆలోచించే విరామమే ఉండదు. ఎవరికి కోపం వచ్చినా ఆట ఆపేయండి. మన నెల్లూరి తిక్కన రాసిన విరాటపర్వంలో, కాలక్షేపానికి ఆడుతున్న ఆటలోనే విరాటుడు ఆగ్రహించి కంకుభట్టు ముఖాన పాచిక విసిరి నెత్తురు కళ్లజూశాడు. అమ్మాయి చిన్నది కనుక, చేతిలో లేనిది ఉన్నట్టు నమ్మించే ఎత్తులున్న పోకర్‌కు ఇంకా రెండు మూడేళ్లు ఆగి, ఇప్పటికి రమ్మీ నేర్పితే చాలు.

కొత్త కట్టను మీ శ్రీమతి ఒప్పుకున్న రోజునే కొనండి. ఆమె ఎప్పటికీ ఒప్పుకోకపోతే కొనవద్దు, చదరంగం బల్ల తెచ్చుకోండి.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అబ్బాయి స్నేహితుడి ఖాతాతో ఫోన్‌లో పోకర్ ఆడి ఆరు వేలు పోగొట్టాడు. ముందే ఇంట్లో నేర్పి ఉంటే ఇలా జరిగేది కాదేమో?
– ఒక తల్లి, నెల్లూరు

సమాధానం: నేర్పినా జరిగి ఉండేదేమో, అమ్మా. ఇంట్లో నేర్చిన లెక్క, ఒంటరిగా అర్ధరాత్రి డబ్బు పెట్టి ఆడే పిల్లవాడికి గుర్తుకు వస్తుందని నేను హామీ ఇవ్వలేను. మన రాష్ట్రం 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. పార్లమెంటు చట్టంలోని శిక్షలు ఆడించేవారికీ ప్రచారం చేసేవారికీ డబ్బు లావాదేవీలు జరిపేవారికీ తప్ప ఆడి నష్టపోయినవారికి కావు; రాష్ట్ర చట్టంలో మాత్రం ఆడినవారికీ శిక్ష ఉంది. అయినా మీరు భయపడి దాచవద్దు. ఈ రాత్రే వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆరు వేలు కాక ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చాడా అని కేకలు వేయకుండా అడగండి. ఆ అప్పు మీరే స్వయంగా తీర్చండి. వాడి చేతికి డబ్బు ఇవ్వవద్దు. ఆడకుండా ఉండలేకపోతున్నానని వాడు చెబితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు; వాడు మాట్లాడుతున్నంతసేపూ మీరు పక్కనే ఉండండి.