ఆయనకు తెలియకుండా మాత్ర కలపకండి

చెల్లెమ్మా, తాగుడు మాన్పించడానికి మీ భర్తకు చెప్పకుండా భోజనంలో డైసల్ఫిరామ్ మాత్ర కలపవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మాత్ర ప్రభావం ఒంట్లో ఉండగా మద్యం తాగితే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది; రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపేశాక కూడా 2 వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది.

తాగాలన్న తహతహను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మాత్రలు ఉన్నాయి. ఏది సరిపోతుందో కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి వైద్యులే నిర్ణయించాలి. రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే ఆయనను ఇంట్లో బలవంతంగా మాన్పించకండి.

మా అన్నయ్యకు మాత్రలతో తహతహ తగ్గింది కానీ, సాయంత్రం ఏడు కాగానే చేయి బండి తాళం కోసం తడిమేది. ఆ గంట ఎలా గడపాలో కౌన్సెలింగ్‌లోనే నేర్చుకున్నాడు. మీ భర్త మొదటిసారి కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు మీరూ ఆయన పక్కన కూర్చోండి.