ఆ పూలు ఎవరు చూడాలని?

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 56. మా ఒక్కగానొక్క కొడుకు పెళ్లి మాఘమాసంలో. పెళ్లి అమ్మాయివాళ్ల ఊళ్లో, రిసెప్షన్ ఇక్కడ మేం చేస్తున్నాం. హాల్లో 45 గుండ్రటి టేబుళ్లు వేయిస్తున్నాం. ఒక్కో టేబుల్ మధ్యలో బంగారు రంగు స్టాండు మీద ఆర్కిడ్లు, హైడ్రేంజియాలతో ఎత్తుగా పూల అలంకరణ పెట్టించాలని నా కోరిక. డెకరేషన్ అతను ఒక్కోదానికి 6,500 రూపాయలు చెప్పాడు. కాబోయే కోడలు మాత్రం చిన్న ఇత్తడి గిన్నెల్లో నీళ్లు పోసి పూలు వేస్తే చాలంటోంది, అవి 1,200కే వస్తాయట. కిందటేడు మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, తన కూతురి రిసెప్షన్‌కి రెండున్నర అడుగుల పూలు పెట్టించింది. బంధువులంతా నెలల తరబడి వాటి గురించే చెప్పుకున్నారు. ఆ రోజు నన్ను చేతులు కడుక్కునే చోటు పక్కన, ఆఖరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఆ పూలు అడ్డంవచ్చి ఎదురుగా ఉన్న మా అక్క ముఖం కూడా కనిపించలేదు. మా తోడికోడలు కలిగినింటి పిల్ల. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆమెనే నెత్తిన పెట్టుకున్నారు. ఆరేళ్ల కిందట నాకు ఆపరేషన్ అయినప్పుడు 19 రోజులు క్యారేజీ పంపింది గానీ, అందులోనూ నాకు గొప్పే కనిపించింది. బ్యాంకులో డిపాజిట్ తీసి ఇస్తానన్నారు మావారు, అంతకు మించి ఒక్క మాట మాట్లాడరు. మూడడుగులైతే బాగుంటుందా, నాలుగా? ఆర్కిడ్లా, గులాబీలా? కోడలికి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. పెళ్లికొడుకు గురించి అందులో ఒక్క వాక్యం ఉంది. కోడలి గురించి ఒకటి, మీవారి గురించి ఒకటి. మిగిలినదంతా మీ తోడికోడలే. రాబోయే వందల మందిలో ఆ పూలను ఎవరు చూడాలని మీరు కోరుకుంటున్నారో నాకు అర్థమైంది.

మూడడుగులా, నాలుగడుగులా అన్న ప్రశ్నను ముందే తేల్చేద్దాం. రెండూ వద్దు. మామూలుగా భోజనాల టేబుల్ రెండున్నర అడుగుల ఎత్తుంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు ఆ టేబుల్‌కి అడుగున్నర లోపు ఎత్తులో ఉంటాయి. అందుకే పూలు టేబుల్ మీద అడుగు లోపైనా ఉండాలి, లేదా సన్నటి కడ్డీ మీద రెండడుగులు దాటాకైనా గుత్తి మొదలవ్వాలి. ఈ రెంటికీ మధ్య పెట్టినవి టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్నవాళ్ల మధ్య గోడ కట్టినట్టే. మీ అక్క ముఖం మీకు కనిపించకపోవడానికి కారణం అదే. పోనీ సన్నటి కడ్డీ మీద నాలుగడుగులు పెట్టిస్తామంటారా? పైన పూలు గుచ్చే స్పాంజి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. కింద దిమ్మ తేలికైతే, ఒక పిల్లవాడు టేబుల్ గుడ్డ లాగితే చాలు, మొత్తం పెద్దవాళ్ల ఒళ్లో పడుతుంది. హైడ్రేంజియాకు నీళ్లు కాస్త తగ్గినా గంటల్లో తల వాలుస్తుంది. మన దగ్గర దొరికే ఆర్కిడ్లలో చాలా భాగం థాయిలాండ్ నుంచి వచ్చేవే. చూపుకు బాగుంటాయి గానీ వాసన ఉండదు. రాజమండ్రి దగ్గర కడియపులంక పూల మార్కెట్టుకు ఎవరినైనా పంపితే లిల్లీలు, చామంతులు, గులాబీలు బుట్టలకొద్దీ దొరుకుతాయి. సాయంత్రం అయ్యేకొద్దీ లిల్లీ వాసన హాలంతా పరుచుకుంటుంది. మాఘంలో మల్లెలు ఇంకా అంతగా రావు కాబట్టి వాటి జోలికి పోకండి.

ఒక రిసెప్షన్‌లో నా కళ్లతో చూసింది చెబుతాను. ఎనభై దాటిన పెద్దాయన ఎదురుగా కూర్చున్న చెల్లెలితో మాట్లాడుతున్నారు. ఆయనకు వినికిడి తక్కువ, పెదవులు చూస్తేగానీ మాట అర్థం కాదు. మధ్యలో పూలు. ఆయన ఎడమకు వంగితే ఆవిడ కుడికి వంగుతున్నారు. కాసేపటికి ఆయన లేచి, ఆ స్టాండును రెండు చేతులతో ఎత్తి నేలమీద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈ రోజుల్లో చుట్టాలు ఒకరినొకరు చూసుకునేది పెళ్లిళ్లలోనే. అక్కడ కూడా ముఖాలు కనపడకుండా చేసే ఏ అలంకరణనూ నేను మెచ్చుకోలేను.

పూల సంగతి అయిపోయింది. ఇక మీ తోడికోడలి దగ్గరకు వద్దాం.

19 రోజులు క్యారేజీ పంపిందని మీరే రాశారు. ఇరవై రోజులని గుండుగుత్తగా రాయలేదు, రెండు మూడు వారాలని రాయలేదు. ఆరేళ్ల తర్వాత కూడా రోజుల లెక్క మీకు గుర్తుంది. మంచం మీద పడుకుని, ప్రతిరోజూ ఆ క్యారేజీ కోసం ఎదురుచూసి, వచ్చిందని నిమ్మళించిన మనిషికి మాత్రమే ఆ లెక్క గుర్తుంటుంది. గొప్ప చూపించుకోవాలనుకున్న మనిషి రెండు రోజులు పంపుతుంది, మీ అక్క వచ్చిన రోజు పంపుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు కారం, నూనె తగ్గించి, విడిగా పథ్యం కూరలు వండి, వేడి చల్లారకముందే గిన్నెలు సర్ది, 19 రోజులు పంపడం చాకిరీ. అందులో మీకు గొప్ప కనిపించిందంటే, అప్పటికే మీ మనసు ఆమెను వేరే కొలతతో చూడటానికి అలవాటు పడింది. ఆ కొలత మీ అత్తగారు పెట్టింది. ఇద్దరు కోడళ్లను పక్కపక్కన నిలబెట్టి ఒకరిని ఎత్తి ఇంకొకరిని దించడం చాలా ఇళ్లలో అత్తలు చేసిన అన్యాయమే. మీకు జరిగిందీ అన్యాయమే. కానీ ఆవిడ ఇప్పుడు లేరు. తూకం వేసిన మనిషి వెళ్లిపోయాక కూడా తక్కెడలోంచి దిగనిది మీరు.

అలాగని మీ తోడికోడలిదేమీ తప్పు లేదని నేను అనను. ఇంటి పెద్దకోడలిని, పెళ్లికూతురి పెద్దమ్మను, ఆఖరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం తప్పే. అది ఎవరు చేసినా తప్పే. కూతురి పెళ్లి రోజు తల్లి వేదిక మీద ఉంటుంది, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది ఇంకెవరో. ఆమెకు తెలిసి జరిగిందో తెలియక జరిగిందో మీకు తెలియదు, ఎందుకంటే మీరు అడగలేదు. ఉత్తరమంతా వెతికాను, అడిగానన్న మాట ఎక్కడా లేదు. ఏడాదిగా ఆ అవమానాన్ని లోపల దాచుకుని, ఇప్పుడు 45 స్టాండ్ల మీద పెట్టి ఆమెకు చూపించాలనుకుంటున్నారు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఆత్మాభిమానం ఉన్న మనిషి నొప్పి కలిగితే ఎదురుగా కూర్చుని నోటితో చెబుతుంది. పూలతో చెబితే ఆమెకు అర్థం కాదు సరికదా, డబ్బు మాత్రం మీదే పోతుంది. 45 టేబుళ్లకు 2,92,500 రూపాయలు. కోడలు చెప్పిన గిన్నెలైతే 54,000. తేడా 2,38,500. గడువుకు ముందే డిపాజిట్ తీస్తే వడ్డీలో కోత కూడా పడుతుంది. అది రేపు మీ ఇద్దరి మందుమాకులకు పనికొచ్చే డబ్బు. మీవారు నోరు విప్పకుండా తీసి ఇస్తానంటే దాన్ని మీరు మంచితనం అనుకోకండి. ఆయన తమ్ముడి భార్యతో మీకున్న పేచీ కాబట్టి, మాట్లాడి చెడ్డవడం ఇష్టం లేక డబ్బుతో తప్పుకుంటున్నారు. ఈ జవాబు ఆయనకూ చదివి వినిపించండి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటి అడుగుతాను. మీకు ఒక్కడే కొడుకు. అతనికి తోబుట్టువులు లేరు. పెళ్లిలో కొంగులు ముడివేసేది ఎవరు? కొత్త జంట మీ ఇంటికి వచ్చినప్పుడు గడప దగ్గర అడ్డంగా నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనని ఆటపట్టించేది ఎవరు? ఆడపడుచు లాంఛనాలు ఎవరికి ఇప్పిస్తారు? మరిది కూతురు ఉండగా ఇంకో ఇంటి ఆడపిల్లను వెతకరు కదా. మీ అబ్బాయికి ఉన్న చెల్లెలు ఆ ఒక్క అమ్మాయే. ఎవరి రిసెప్షన్ పూలను మీరు ఏడాదిగా మోస్తున్నారో, ఆ పిల్లే. రేపు మీరూ మీ తోడికోడలూ లేని రోజున, పండక్కి అన్నయ్య ఇల్లని ఆ అమ్మాయి రావాలన్నా, మీ కోడలికి పురుడొస్తే పక్కన ఒక ఆడదిక్కు ఉండాలన్నా, ఆ దారి తెరిచి ఉంచడం ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. పెద్దకోడలి బాధ్యత అంటే నా దృష్టిలో ఇది.

శుభలేఖలు అచ్చయి వచ్చాక దేవుడి దగ్గర పెట్టి, మొదటిది తీసుకుని మీరిద్దరూ మీ మరిది ఇంటికి వెళ్లండి. ఫోనులో ఫొటో పంపి ఊరుకోకండి. ఆమెకు బొట్టు పెట్టి పిలవండి. మగవాళ్లు హాల్లో కూర్చున్నాక మీరు వంటింట్లోకి వెళ్లి చెప్పండి: "ఆ రోజు నన్ను ఆఖరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. చాలా బాధపడ్డాను. నీకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఏడాదిగా నీతో మామూలుగా ఉండలేకపోతున్నాను." అంతే చెప్పండి. ఆమె ఏడవవచ్చు, కోపగించుకోవచ్చు, తనకు తెలియదనవచ్చు. ఏమన్నా వినండి. క్యారేజీ మాట కూడా ఎత్తండి, 19 రోజులని లెక్కతో సహా చెప్పండి. ఆ మాట ఆమె మీ నోట ఎప్పుడూ విని ఉండదని నా నమ్మకం. వచ్చేముందు ఆమె కూతురిని రెండు రోజుల ముందే పంపమని అడగండి.

కోడలికి ఎలా నచ్చజెప్పాలని అడిగారు. నచ్చజెప్పవలసిన పని లేదు. ఆ పిల్ల గడప తొక్కకముందే మీ ఇంట్లో అడిగిన మొదటి కోరిక ఇది, అదీ మీ ఖర్చు తగ్గించే కోరిక. మీకు నచ్చిన పూలు మీ అత్తగారు ఎన్నిసార్లు కొననిచ్చారో ఒకసారి గుర్తుచేసుకుని, ఈ సాయంత్రమే ఆ అమ్మాయికి ఫోను చేసి "గిన్నెలే పెట్టిద్దామమ్మా, పూలు నువ్వే చెప్పు" అనండి. డెకరేషన్ అతనికి అడ్వాన్సు ఇచ్చేలోపు ఈ ఫోను అయిపోవాలి.

వచ్చినవాళ్లను కూర్చోబెట్టే పని మాత్రం ఎవరికో వదిలేయకండి. చుట్టరికాలు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లకు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద రాసి ఇవ్వండి. మీ తోడికోడలి కుటుంబం మొదటి వరుసలో. చేతులు కడుక్కునే చోటు పక్కన అసలు టేబులే వేయించకండి. 45 కాస్తా 44 అవుతాయి.