ఇంటి వైరింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటికి వచ్చే వారం స్లాబు వేస్తున్నారు. లోపల వైర్లు పోవడానికి 20 మి.మీ. పైపు చాలునని ఎలక్ట్రీషియన్ అంటున్నారు, 25 మి.మీ. పైపు వేయించమని మా బావగారు పట్టుబడుతున్నారు. ఆ అదనపు ఖర్చు అవసరమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ బావగారి మాటే వినండి. వైరు పాడైతే పదేళ్ల తరువాతైనా పాతది లాగేసి కొత్తది ఎక్కించుకోవచ్చు గాని, కాంక్రీటులో కలిసిపోయిన పైపును స్లాబు పగలగొట్టకుండా మార్చడం ఎవరి తరమూ కాదు. పొదుపు చేయాలనుకుంటే స్విచ్చుల ప్లేట్ల సోకులో చేసుకోండి, పైపు దగ్గర మాత్రం వద్దు. 20, 25 అనేవి పైపు బయటి కొలతలు. 25 మి.మీ. పైపు లోపలి చోటు 20 మి.మీ. పైపులోని చోటుకు ఒకటిన్నర రెట్లకు పైగానే ఉంటుంది. లోపలి వైశాల్యంలో సుమారు 40 శాతానికి మించి వైర్లు నింపకూడదన్నది ఈ పనిలో పాటించే లెక్క. కిక్కిరిసిన వైర్ల వేడి బయటికి పోదు, పైగా రేపు ఒక ఏసీకో ఇన్వర్టరుకో కొత్త వైరు లాగాలంటే దారి ఉండదు.

కొలత ఒక్కటే చూస్తే సరిపోదు. పైపుల్లో లైట్, మీడియం, హెవీ అని రకాలున్నాయి. స్లాబు రోజున కూలీలు తట్టలతో వాటి మీదుగానే నడుస్తారు, కాంక్రీటును కుదించే వైబ్రేటరు వాటి పక్కనే తిరుగుతుంది. లైటు రకం పైపు అక్కడ నొక్కుకుపోయిందంటే ఆ సంగతి మనకు తెలిసేది వైరు లాగే రోజునే. అందుకని స్లాబులోకి కనీసం మీడియం రకం, ఐఎస్ఐ ముద్ర ఉన్నది తీసుకోండి. మలుపుల దగ్గర ఎల్బోలు వాడనివ్వకండి. ఎల్బో ఒక్కసారిగా మళ్లుతుంది కాబట్టి అక్కడ వైరు ఇరుక్కుంటుంది, లాగినప్పుడు తొడుగు గీసుకుపోతుంది. పొడవాటి బెండు అయితే వైరు జారిపోతుంది. స్లాబులో లోతైన జంక్షన్ బాక్సులే పెట్టించండి. ప్రతి అతుకుకూ పైపులు అతికించే సొల్యూషన్ పూయించి, బాక్సుల నోళ్లు, పైపు చివరలు సిమెంటు పాలు దిగకుండా మూయించండి. పైపులను కింది వరుస ఇనుము మీద పరిచి కట్టుతీగతో బిగించాలి. టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లకు వేరే పైపు ఉండాలి. కాంక్రీటు పడకముందే ప్రతి గది పైపులనూ ఫోటోలు తీసి దాచుకోండి. రేపు ఫాల్స్ సీలింగ్ వాళ్లు డ్రిల్లు పట్టుకొని వచ్చినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ప్రశ్న: దుకాణంలో వైరుకు ఎఫ్ఆర్, ఎఫ్ఆర్ఎల్ఎస్, జడ్‌హెచ్ఎఫ్ఆర్ అని మూడు ధరలు చెబుతున్నారు. మా పాత ఎలక్ట్రీషియనేమో ఇంకా 3/20, 7/20 అనే అంటారు. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ముందు ఆయన లెక్క చూద్దాం. 3/20 అంటే 20 గేజి (తీగ మందం చెప్పే పాత కొలత) తీగలు మూడు. అది ఇప్పటి కొలతలో సుమారు 2 చదరపు మి.మీ., 7/20 సుమారు 4.6 చదరపు మి.మీ. అవుతుంది. ఈనాటి బిల్లుల్లో 1, 1.5, 2.5, 4, 6 అని ఉంటాయి గనుక, ఆయనతో మాట్లాడి ప్రతి సర్క్యూట్‌కూ చదరపు మిల్లీమీటర్లలోనే కాగితం మీద రాయించుకోండి. మామూలు ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5 రాగి వైరు సరిపోతుంది.

ఇక ఆ మూడు పేర్లూ వైరు మోసే కరెంటును చెప్పేవి కావు, మంట అంటుకున్నప్పుడు తొడుగు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేవి. ఎఫ్ఆర్ తొడుగు మంటను ముందుకు పాకనివ్వదు, కాని అది కూడా పీవీసీయే కాబట్టి కాలితే దట్టమైన పొగ, దానితోపాటు ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆమ్లవాయువు వస్తాయి. ఎఫ్ఆర్ఎల్ఎస్‌లో ఇవి రెండూ తగ్గుతాయి. జడ్‌హెచ్ఎఫ్ఆర్‌లో క్లోరిన్ వంటి హాలోజన్లే ఉండవు. నలువైపులా కిటికీలున్న సొంత ఇంటికి మంచి కంపెనీ ఎఫ్ఆర్ చాలు. అపార్టుమెంటయితే నేను ఎఫ్ఆర్ఎల్ఎస్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే అక్కడ పొగ నిండేది అందరూ దిగవలసిన మెట్లదారిలో. ఏది కొన్నా చుట్ట మీద ప్రమాణం నంబరు (మొదటి రెండు పీవీసీ రకాలకు ఐఎస్ 694, హాలోజన్లు లేని మూడో రకానికి ఐఎస్ 17048), ఐఎస్ఐ ముద్ర, లైసెన్సు నంబరు చూసి, ఆ లైసెన్సు నంబరును ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

ప్రశ్న: ఏసీ వేసినప్పుడల్లా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పడిపోతోంది. మెకానిక్ 32 పెట్టేస్తానంటున్నాడు. పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడడానికి కాదు, గోడలోని వైరును కాపాడడానికి. మీ వైరు 2.5 చదరపు మి.మీ. అయితే 16 ఆంపియర్లే తగిన రక్షణ. 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్లు పారినా గంటసేపు పడిపోకూడదన్నది దాని ప్రమాణంలోనే ఉంది. అంతసేపూ కాగేది మీ వైరే. ఒకటిన్నర టన్నుల ఏసీ మామూలుగా 7, 8 ఆంపియర్లకు మించి తీసుకోదు కాబట్టి దోషం మరోచోట ఉంది. గీజరు కూడా అదే లైనులో ఉందా, ఎంసీబీ స్క్రూ వదులైందా, కంప్రెసరు చెడిందా అన్నది ముందు చూపించండి.

ప్రశ్న: స్టార్టరు నుంచి బోరు 250 మీటర్ల దూరం. ఐదు హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారుకు 2.5 చదరపు మి.మీ. రాగి కేబులు చాలునంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: ఆ మోటారు తీసుకునే 9 ఆంపియర్ల కరెంటును 2.5 కేబులు వేడెక్కకుండానే మోస్తుంది, కాని ఇక్కడ చూడవలసింది దూరం. ఆ కేబులు కిలోమీటరుకు సుమారు 8 ఓములు నిరోధిస్తుంది. లెక్క కడితే 250 మీటర్లలో 26 వోల్టుల దాకా దారిలోనే పోతుంది. లైన్లో 415 వోల్టులు నిండుగా ఉన్న రోజున అది ఆరు శాతం నష్టం. వోల్టేజీ అసలే తక్కువగా వచ్చే వేళల్లో, మోటారు ఎత్తుకునే క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, మోటారు మూలిగి ఆగిపోతుంది, వైండింగు కాలుతుంది. 4 వేస్తే నష్టం 16 వోల్టులకు, 6 వేస్తే 11 వోల్టులకు తగ్గుతుంది. రాగి ధర భారమైతే 10 చదరపు మి.మీ. అల్యూమినియం కేబులు దాదాపు 6 రాగితో సమానంగా పనిచేస్తుంది. బోరు దగ్గర రాగి కేబులుతో కలిపేచోట మాత్రం రెండు లోహాలనూ మెలిపెట్టి టేపు చుట్టకుండా రాగినీ అల్యూమినియంనూ కలపడానికే చేసిన బైమెటాలిక్ లగ్గులు వాడించండి. కేబులును గట్టు మీద వదిలేస్తే ఎలుకలూ నాగళ్లూ దాన్ని బతకనివ్వవు. ఆర్మర్డ్ రకం (లోహపు కవచం ఉన్నది) తీసుకొని, 75 సెం.మీ. లోతు కాలువలో ఇసుక పరిచి, పైన ఇటుకలు పేర్పించి పూడ్పించండి.