సగం వాక్యంలో వదిలేసిన కథ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రెండు కథలు, నవల ప్లాను అన్నీ చదివాను. డిగ్రీ అయిపోయింది, ఇంట్లో బ్యాంకు కోచింగుకి వెళ్లమంటున్నారు, నువ్వేమో ఓ ఏడాది ఊళ్లోనే కూర్చుని నవల రాస్తానంటున్నావు. 'మీరైనా మా నాన్నకి నచ్చజెప్పండి మావయ్యా' అన్నావు. చెప్పను. కోచింగుకి వెళ్లు.

కోపం తెచ్చుకోకు. తెలుగులో కథలు రాసి, దాని మీదే ఇల్లు గడుపుకోవడం ఎప్పుడూ కొద్దిమందికే కుదిరింది. ఇప్పుడు మరీ కష్టం. 2020లో కరోనా దెబ్బకి ఆగిపోయిన పత్రికల్లో కొన్ని మళ్లీ అచ్చు మొహం చూడలేదు. ఆదివారం అనుబంధాలున్నాయి, ప్రతిలిపి లాంటి యాప్‌లున్నాయి, కథల పోటీలున్నాయి. రాయి, తప్పులేదు. వాటితో నెల గడవదు, అంతే. పుస్తకం వేయాలన్నా చాలాసార్లు రచయితే చేతిడబ్బులు పెట్టుకోవాలి. పాలగుమ్మి పద్మరాజుగారు కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతూనే కథలు రాశారు. జీతం వస్తుంటే నచ్చని కథని చింపి పారేయడానికి ధైర్యం ఉంటుంది. ఏడాది ఖాళీగా కూర్చుంటే ఏమవుతుందో తెలుసా? ఇంట్లోవాళ్లు రోజూ 'ఎంతవరకూ వచ్చింది?' అని అడగడం మొదలెడతారు. ప్రేమగానే అడుగుతారు. రెండో నెల తిరిగేసరికి ఆ టెన్షన్‌కి పెన్ను కదలదు.

ఇక నీ నవల ప్లాను. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తవడంతో మొదలు, 1986 వరదలు, 1996 నవంబరు తుపాను, 2011లో కోనసీమ రైతుల పంట విరామం, ఆఖరికి వనామీ రొయ్య. బాగానే చదివావు. కానీ ఇందులో మనుషులు ఎక్కడ? తాత, కొడుకు, మనవరాలు అని మూడు పేర్లు పెట్టి ఒక్కో విపత్తుకీ ఒక్కొక్కర్ని కాపలా పెట్టావు. తాతకి వరద తప్ప వేరే గొడవ ఏమీ లేదా? పక్కవాడితో గట్టు తగాదా లేదా? బోదెకాలువలో నీళ్లు ముందు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు మీ ఊళ్లోనే ఉండుంటాయి, కనుక్కో. ప్లాను దాచుకో. ఎప్పుడైనా పనికొస్తుంది.

మొదటి కథ సఖినేటిపల్లి రేవులో మొదలుపెట్టావు. రేవు దాటించే పంటు మీద అమ్మాయి, ఎర్రటి సాయంత్రం, నీళ్ల మీద బంగారం, దూరాన కొబ్బరిచెట్ల వరస. ఈ దృశ్యం మన గోదావరి జిల్లాల మీద రాసే ప్రతివాడి దగ్గరా ఉంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు డ్రోను ఎగరేసి నీకంటే బాగా చూపిస్తున్నారు. వాళ్లతో పోటీ దేనికి? ఆ రేవులో రోజూ దాటేవాళ్లు సూర్యాస్తమయం చూడరు. ఆఖరి పంటు దొరుకుతుందా లేదా అని చూస్తారు. అది తప్పితే నర్సాపురం చేరడానికి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. నీ కథలో అమ్మాయి తల్లికి ఆయాసం అని నాలుగో పేజీలో రాశావు కదా, ఆయాసం రాత్రి పదకొండింటికి వస్తే ఏం చేస్తారు? ఆ ప్రశ్న అడిగి ఉంటే కథ అక్కడే పట్టుకునేది.

రెండో కథ నయం. మాటలు బాగున్నాయి, కానీ ప్రతివాడి చేతా 'ఆయ్' అనిపించావు. యాస అంటే అది ఒక్కటే కాదమ్మా. మనవాళ్లు మర్యాదలోనే కత్తి పెడతారు. అప్పిచ్చినవాడు అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, 'తొందరేం లేదండి బాబూ, దాళ్వా కోతలయ్యాకే ఇద్దురుగాని' అని వెళ్లిపోతాడు. ఆ మాట విన్నవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. గొంతు పెంచకుండా జరిగే ఈ గొడవలు రాయడం రావాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథల్లో ఆడవాళ్ల సంభాషణలు పైకి చదువు, పక్కనెవరైనా ఉన్నా సిగ్గుపడకు.

అసలు సంగతికి వస్తాను. నీ కథలు, ప్లానూ అన్నిటికంటే నన్ను ఆపింది ఉత్తరంలో నువ్వు సగం వాక్యంలో వదిలేసిన ముక్క. 'నాన్న ఈమధ్య రాత్రిళ్లు చెరువు మీదే పడుకుంటున్నారు, అందుకని ఇంట్లో నా సంగతి ఎవరికీ పట్టలేదు' అన్నావు. నిష్ఠూరంగా రాశావు, అర్థమైంది. కానీ కథ అక్కడుంది.

నువ్వు ఒక్క రాత్రి ఆయనతో ఆ రొయ్యల చెరువు మీద ఉండు. టార్చిలైటు పట్టుకుని మేత ట్రే పైకి లాగి చూసేటప్పుడు ఆయన ముందు దేన్ని చూస్తాడో గమనించు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మీద తెల్ల మచ్చలేమైనా కనబడుతున్నాయా? పగలు నీళ్లలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పచ్చదనం రొయ్యతో పాటు దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోయిందనుకో. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతాయి. అప్పటిదాకా చెవుల్లో హోరుగా ఉన్న చప్పుడు ఆగడంతోనే గుడిసెలో మనిషికి మెలకువ వస్తుంది. జనరేటర్ స్టార్టవుతుందా? డీజిల్ ఉందా, నిన్న ఎవరైనా బండిలోకి తీశారా? రొయ్యలు పైకి తేలడం మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి?

ఇప్పుడు దీని మీద డబ్బు పెట్టు. కిలోకి వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, నలభై తూగితే నలభై. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇంకొన్నాళ్లు ఆగితే లాభం, ఈలోగా జబ్బు వస్తే మొత్తం పోతుంది. పట్టేయాలా, ఆగాలా? మేత అరువుకి తెచ్చి ఉంటే అరువిచ్చినవాడి మాట ఎంత చెల్లుతుంది? చెరువు లీజుదైతే, పోయినా లీజు కట్టాల్సిందే కదా? మీ అమ్మ ఏమంటోంది? ఆవిడ పుస్తెలతాడు ఎక్కడుందో నీకు తెలుసా? పక్క పొలంలో సార్వా వరి వేసుకునేవాడు, ఉప్పు తన చేలోకి ఊరుతోందని మీ నాన్నతో మాట్లాడ్డం మానేసి ఉండొచ్చు. వాడి వైపు న్యాయం కూడా రాయాలి. మీ నాన్న కాబట్టి కష్టం. కష్టం కాబట్టే రాయమంటున్నాను.

పద్మరాజుగారి 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ సంగతి అందరూ చెబుతారు. నువ్వు వేరే సంగతి చూడు. అందులో తుపాను వర్ణన కోసం రాలేదు. నియమాలన్నీ పెట్టుకుని నిబ్బరంగా బతికే ఓ పెద్దమనిషికి, ఒక చిన్న రైల్వే స్టేషన్లో, ఒక్క రాత్రిలో ఆ నిబ్బరం పోతుంది. అంతే కథ. నీకూ ఒక్క రాత్రి చాలు, మూడు తరాలు అక్కర్లేదు.

చదవడానికి డబ్బుల్లేవన్నావు. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వాళ్లు పాత కథలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఉంచారు. ఫోన్లో చదువుకో. కోచింగు రాజమండ్రిలో అయితే మరీ మంచిది, సెలవు దొరికినప్పుడు గౌతమీ గ్రంథాలయంలో కూర్చో. పుస్తకాల లిస్టు ఇవ్వను. లిస్టులు పట్టుకుని తిరిగేవాళ్లు చదవగా నేను చూడలేదు.

కోచింగు క్లాసుల మధ్య టైము ఎక్కడిదంటావు. పొద్దున్నే ఓ అరగంట, ఫోను పక్క గదిలో పెట్టి. మొదటి చిత్తుప్రతి మీ నాన్నకి చూపించకు, మీ ఊళ్లో పేర్లూ మార్చేయ్. అచ్చయ్యాక ఎలాగూ ఎవరో ఒకరు వచ్చి 'ఇది మమ్మల్ని గురించేనా' అంటారు. ఏం చెప్పాలో అప్పుడు ఆలోచిద్దాం.

కథ పది పేజీలు దాటనివ్వకు. నాకు పంపేటప్పుడు నవల ప్లాను మళ్లీ జతచేయకు. బ్యాంకు పరీక్ష ఎప్పుడో రాయి, ఆ వారం ఉత్తరాలతో విసిగించను.

ఆశీస్సులతో,
మీ మావయ్య