పాటల కవర్లు చేసే అమ్మాయి: మూడు లక్షల డిప్లొమా కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఏడాదిగా పాత ల్యాప్‌టాప్‌లో జానపద పాటల యూట్యూబ్ చానళ్లకు కవర్లు, థంబ్‌నెయిల్స్ చేసి పెడుతోంది. బీటెక్ వద్దంటోంది. మ్యూజిక్ వీడియోలకు ఆల్బమ్ ఆర్ట్ చేయడమే నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఒక సంస్థవాళ్లు ఏడాది వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్), మల్టీమీడియా డిప్లొమాకు 3 లక్షలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ), బీడిజైన్ (డిజైన్ డిగ్రీ), ఈ డిప్లొమా, మూడింటిలో ఏది మేలు? అసలు బొమ్మలు వేసుకుంటే కడుపు నిండుతుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆఖరి వాక్యం. ఏటా ఇంటర్ పరీక్షల ముందు ఇదే భయం రకరకాల మాటల్లో వస్తుంది. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పాటల కవర్లు మాత్రమే చేసి ఇల్లు నడపడం కష్టం. కానీ పాట కవర్‌ను నిజంగా బాగా చేయగలిగినవాళ్లకు పనికి కొదవ ఉండదు. సినిమా పబ్లిసిటీ, పుస్తకాల అట్టలు, సరుకుల ప్యాకింగ్, ప్రకటనలు, మొబైల్ యాప్‌లు, అన్నిచోట్లా కావలసింది అదే కన్ను, అదే చెయ్యి. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుపెట్టుకోండి. మొదటిది వదిలేస్తే అనవసరంగా ఆశపడతారు, రెండోది వదిలేస్తే అనవసరంగా బెంగపడతారు.

మీ ఉత్తరంలో ఫీజు ఎంతో ఉంది, గ్యారంటీ ఉంది. మీ అమ్మాయి చేసిన ఒక్క కవర్ గురించి ఒక్క ముక్క లేదు. ఏడాదిగా ఇంట్లోనే చేస్తున్న పనిని మీరు కూర్చుని చూసినట్టు లేదు. చూడకుండా దాని విలువ ఎలా తేలుస్తారు? అది ఎలాంటి పనో తెలిస్తే ఏ చదువు కావాలో సగం తేలిపోతుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వీడియో నాలుగు నిమిషాలు నడుస్తుంది. కవర్‌కు ఉన్నది ఒక్క చదరం. రెండూ ఒకే పాటకు చెందినవని తెలియాలి, కానీ వీడియోలో ఉన్నదాన్నే కవర్ మళ్లీ చెప్పకూడదు. గల్ఫ్ వెళ్లిన భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట అనుకుందాం. మామూలుగా చేసే కవర్‌లో ఇద్దరి ముఖాలు, పైన విమానం, కింద కన్నీళ్లు ఉంటాయి. ఆలోచించే డిజైనర్ వీడియోను రెండుమూడుసార్లు చూసి, మళ్లీ మళ్లీ కనిపించే వస్తువును పట్టుకుంటుంది. వాకిట్లో ఖాళీగా ఉన్న నులక మంచం, దాని వెనుక నీలి రంగు తలుపు. కవర్ మీద అవి చాలు. కవర్ ముందు చూసినవాళ్లు వీడియోలో ఆ మంచం దగ్గర ఆగుతారు. వీడియో ముందు చూసినవాళ్లకు ఆ కవర్ కనబడగానే పాట గుర్తొస్తుంది. ఈ ఎంపిక ఏ సాఫ్ట్‌వేర్ మెనూలోనూ దొరకదు.

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు వీడియోను ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద పేరు రాయడం. 4కే వీడియో ఫ్రేమ్ 3840×2160 పిక్సెల్స్. చదరంగా కోస్తే మిగిలేది 2160×2160. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్లు సాధారణంగా అడిగేది 3000×3000. ఫుల్ హెచ్‌డీలో తీసిన వీడియో అయితే చేతికొచ్చేది 1080 చదరమే. దాన్ని సాగదీస్తే ముఖం మైనం పూసినట్టు తయారవుతుంది. పైగా సెకనుకు 25 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు (1/50) తెరిచి ఉంటుంది. వీడియో నడుస్తుంటే బాగానే ఉంటుంది గానీ, ఆపి చూస్తే ఆడే చెయ్యి అలుక్కుపోయి ఉంటుంది.

అందుకే షూటింగ్ రోజునే స్టిల్ ఫొటోలు తీయించాలి. దర్శకుడు టేక్ ఓకే అన్నాక, లైట్లు మార్చకముందే, ఒక్కో సెటప్‌కు పది నిమిషాలు అడిగి తీసుకోవాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే 6000×4000 ఫొటోలో 4000 చదరం హాయిగా వస్తుంది. కదలిక ఉంటే షట్టర్ 1/250కి పెంచాలి. సైలెంట్ షట్టర్ వాడితే చవక ఎల్ఈడీ లైట్ల కింద అడ్డచారలు పడతాయి, కాబట్టి మెకానికల్ షట్టరే వాడాలి. తల పైన, ఒక పక్కన చోటు వదిలి తీయాలి. అదే ఫొటో నుంచి చదరం కవర్, అడ్డంగా 1280×720 థంబ్‌నెయిల్, నిలువుగా 9:16 పోస్టర్ కోయాల్సి ఉంటుంది మరి.

తర్వాత రంగు. వీడియోకు కలరిస్ట్ ఒక రంగు వాతావరణం ఇస్తాడు, స్టిల్ మాత్రం పచ్చిగా ఉంటుంది. కొందరు వీడియోకు వాడిన లట్‌ను (రంగులను ఒకేసారి మార్చే రెడీమేడ్ ఫైల్) తెచ్చి ఫొటో మీద వేసేస్తారు. లాగ్‌లో, అంటే తర్వాత దిద్దుకునేలా వెలసిన రంగుల్లో, తీసిన వీడియో కోసం చేసిన లట్‌ను మామూలు జేపెగ్ మీద వేస్తే నలుపులు ముద్దకట్టి, చర్మం నారింజ రంగుకు తిరుగుతుంది. కలరిస్ట్ దగ్గర గ్రేడ్ అయిన (రంగు దిద్దిన) ఫ్రేములు నాలుగు తీసుకుని, పక్కన పెట్టుకుని, ముందు చర్మం, తర్వాత నీడలు, చివరగా బ్యాక్‌గ్రౌండ్ కంటితో కలుపుకోవడమే సరైన దారి.

అక్షరాల దగ్గర తెలుగు డిజైనర్ పని ఇంకా కష్టం. పాటల జాబితాలో కవర్ ఫోన్ మీద గోరంత కనిపిస్తుంది. ఆ సైజులో లావు అక్షరాలైతే మ, ష, ఘ లాంటి వాటిలో ఖాళీలు పూడిపోతాయి, సన్నవైతే తలకట్టు మాయమవుతుంది. 3000 చదరాన్ని 64 పిక్సెల్స్‌కు కుదించి చూసి, పేరు చదవగలిగితేనే ముందుకెళ్లాలి. పేరు రెండు వరుసల్లో ఉంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే 120 శాతం లీడింగ్ (వరుసల మధ్య ఎడం) చాలదు, 140 నుంచి మొదలుపెట్టాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే ఫ్యాషన్ తెలుగుకు నప్పదు, ఒత్తు ఎవరిదో తెలియకుండా పోతుంది. ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లతో చేసిన ఫైల్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పంపే కాపీలో అక్షరాలను షేప్‌లుగా మార్చి, మార్చని కాపీని తన దగ్గర ఉంచుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, సూరన్న వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. వాటితో మొదలుపెడితే ఫాంట్ దొంగతనం గొడవ ఉండదు.

ఊళ్లోని చానళ్లకు అలవాటైన ఇంకో సంగతి, కవర్ మీద ఫోన్ నంబర్, యూట్యూబ్ బొమ్మ, వెబ్ అడ్రస్ పెట్టించడం. థంబ్‌నెయిల్ మీద చెల్లుతుంది. అదే బొమ్మను స్ట్రీమింగ్ యాప్‌లకు పంపితే తిప్పి కొడతారు, విడుదల తేదీ దాటిపోతుంది. థంబ్‌నెయిల్‌లోనూ కింద కుడి మూల అక్షరాలు పెట్టకూడదు. వీడియో నిడివి అంకెలు అక్కడే వచ్చి కూర్చుంటాయి.

ఇప్పుడు ఆ డిప్లొమా సంగతి. నా అనుమానాలు దాచుకోను. పైన చెప్పినదాంట్లో వీఎఫ్ఎక్స్ ఎక్కడుంది? ఆ కోర్సుల్లో ఉండేది రోటోస్కోపీ, పెయింట్ (ఫ్రేములోని వైర్లు, మచ్చలు చెరపడం), కంపోజిటింగ్ (వేర్వేరు దృశ్యాలను ఒకటిగా అతకడం), త్రీడీ. అవి గౌరవమైన పనులే, కానీ మీ అమ్మాయి అడిగిన పని కాదు. ఫొటో తీయడం, అక్షరం దిద్దడం, పాట విని బొమ్మ ఎంచుకోవడం ఆ సిలబస్‌లో ఎక్కడున్నాయో వెతకండి. గ్యారంటీ ఉద్యోగం అంటే చాలాసార్లు రోటో పని, ఫ్రేమ్ ఫ్రేముకూ మనిషి చుట్టూ గీత గీయడం, అదీ షిఫ్టుల్లో. ఆ ఉద్యోగాలూ స్థిరంగా లేవు. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేస్తే మన స్టూడియోలకు వచ్చే పని పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో వీఎఫ్ఎక్స్ సంస్థ టెక్నికలర్ గ్రూప్ కుప్పకూలినప్పుడు దాని భారతీయ స్టూడియోల ఉద్యోగులూ వీధిన పడ్డారు. గ్యారంటీ ఇచ్చేవాళ్లను నాలుగు విషయాలు కాగితం మీద రాసివ్వమనండి: ఏ హోదాలో ఉద్యోగం, ఏ జీతం, రాకపోతే ఫీజులో ఎంత వాపసు, పోయిన బ్యాచ్ పిల్లల పోర్ట్‌ఫోలియోలు (చేసిన పనుల సంకలనాలు) ఎక్కడ చూడాలి. నోటి మాట మీద 3 లక్షలు అప్పు తెచ్చి కట్టకండి.

ఏఐ గురించి మీరు అడగలేదు, అడగాల్సింది. ఒక్క నిమిషంలో కవర్ తీసే టూల్స్ వచ్చాయి. బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించి అతికించే చిన్న పనులకు ఇకపై డబ్బులు రావడం కష్టం, ఈ మాట ఆమెకు దాచకుండా చెప్పాలి. అయితే ఆ బొమ్మలో గాయని ముఖం వీడియోలోని ముఖంతో కలవదు, తెలుగు అక్షరాలు తరచూ వంకర పోతాయి, పది చానళ్ల కవర్లు ఒకే పోలికలో వస్తాయి. మంచాన్ని ఎంచుకున్న బుర్రకు విలువ తగ్గలేదు.

ఇక పోలిక. బీఎఫ్ఏలో అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, ప్రచురణల కోసం చేసే కళ) నాలుగేళ్లు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. చేత్తో గీయడం, లెటరింగ్, ఫొటోగ్రఫీ, ప్రింట్ అన్నీ వస్తాయి, ప్రైవేటు డిజైన్ కాలేజీలతో చూస్తే ఖర్చు తక్కువ. బీడిజైన్ అయితే ఎన్ఐడీలు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్. సీట్లు కొద్ది, చదువు విశాలం, బొమ్మ కన్నా సమస్యను విప్పడం మీద బరువు ఎక్కువ. ఎంపీసీ చదివినందువల్ల దేనికీ అడ్డం లేదు. మీరు రాసినదాన్ని బట్టి అప్లైడ్ ఆర్ట్‌నే ముందు పెడతాను. రెండు రకాల పరీక్షలూ రాయించండి.

బీటెక్ చేసి, పక్కన ఇది చేసుకోమని చెప్పాలని మీకు ఉండొచ్చు. వద్దు. నాలుగేళ్లు ఇష్టం లేని సబ్జెక్టుల బ్యాక్‌లాగులు మోస్తూ, రాత్రిళ్లు కవర్లు చేస్తే రెండూ అరకొరగా మిగులుతాయి. బంధువులకు చెప్పుకోవడానికి డిగ్రీ పేరు బాగుండాలన్న కోరిక మీది. దాని బరువు పిల్ల నెత్తిన పెట్టకండి. ఆమె తప్పు దారిలో లేదు. పదిహేడేళ్లకే పాట తీసేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి పని ఇస్తున్నారంటే, చాలామంది డిగ్రీ అయ్యాక కూడా అందుకోలేనిది ఆమె అందుకుంది.

పరీక్షలు అయ్యాక వేసవిలో ఒక్క పాటను పూర్తిగా చేయమనండి: కవర్, థంబ్‌నెయిల్, నిలువు పోస్టర్, మూడు నుంచి ఎనిమిది సెకన్ల పాటు మళ్లీ మళ్లీ తిరిగే నిలువు వీడియో (లూప్). తీసేసిన చిత్తు స్కెచ్‌లు కూడా దాచమనండి. ఇంటర్వ్యూల్లో పూర్తయిన బొమ్మ కంటే, దాన్ని ఎందుకలా చేసిందో చెప్పే చిత్తులే ఎక్కువ పనికొస్తాయి. రోజూ గంటసేపు పెన్సిల్‌తో గీయాలి, ల్యాప్‌టాప్ కొత్తది ఇప్పుడే కొననక్కర్లేదు.

డబ్బు వ్యవహారం మాత్రం మీరు చూసుకోండి. పద్దెనిమిది నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు, కాబట్టి సంతకం మీది. సగం అడ్వాన్సు, రెండుసార్ల వరకే మార్పులు, మళ్లీ దిద్దుకోగలిగే లేయర్ల ఫైల్‌కు వేరే ధర అని రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి, కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఆమె ఇప్పటిదాకా చేసిచ్చిన కవర్లకు ఒక్క కాగితమైనా ఉందేమో ఈ రాత్రే అడిగి చూడండి, అడిగేటప్పుడు ఆ కవర్లను కూడా చూపించమనండి.