పాటకు డొనేషన్ కట్టకండి

ప్రశ్న: మేం మెంఫిస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతోంది. ఏడాదిగా కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటలు రాస్తూ, పెద్ద సింగర్లకు పంపాలంటోంది. ఇప్పుడు ఈ చదువు వదిలేసి నాష్‌విల్‌లో బెల్మాంట్ యూనివర్సిటీలో సాంగ్ రైటింగ్ డిగ్రీ చేస్తానంటోంది. 1,500 డాలర్లు కడితే పాటను సింగర్‌కు చేరుస్తామని ఒక కంపెనీ మెయిల్ పెట్టింది. కట్టమంటారా? రెండు డిగ్రీల్లో ఏది మేలో పోల్చి చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 1,500 సంగతి. కట్టకండి. నాష్‌విల్‌లో పేరున్న పబ్లిషర్, అంటే పాటల హక్కులు చూసుకునేవాడు, రచయిత దగ్గర డబ్బు అడగడు. అడ్వాన్స్ అంటూ ఉంటే తానే ఎదురు ఇస్తాడు. డబ్బు అడిగేవాళ్లకు అక్కడ 'సాంగ్ షార్క్' అని పేరు. సీటుకు డొనేషన్ కట్టిన అలవాటు మనది కాబట్టి, కడితే పని అవుతుందనిపిస్తుంది. పిల్ల రాసింది బాగుందో లేదో ఒక్కసారైనా కూర్చుని విన్నారా? ఉత్తరం మొత్తంలో పాట గురించి ఒక్క మాట లేదు, కార్డు తీయడానికి మాత్రం సిద్ధమైపోయారు.

నేరుగా సింగర్‌కు మెయిల్ చేసినా లాభం లేదు. అడగకుండా వచ్చిన పాటల్ని అక్కడ చాలామంది తెరవనే తెరవరు. తర్వాత ఎవరైనా 'నా పాట కాజేశారు' అని కోర్టుకెళ్తారని భయం. పాట మనుషుల ద్వారానే వెళ్తుంది. నాష్‌విల్‌లో సంగీత కంపెనీలుండే మ్యూజిక్ రో వీధుల్లో పొద్దున్నే ఇద్దరు ముగ్గురు రచయితలు గిటార్లతో ఒక గదిలో కూర్చుంటారు. మన సినిమాల్లో ట్యూన్ ముందు వచ్చి మాటలు తర్వాత పడడం మామూలు కదా, అక్కడ రెండూ ఒకే గదిలో పుడతాయి. పాట మీద వచ్చే డబ్బులో వాటా తలా సమానం పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. తర్వాత పబ్లిషర్ దగ్గరుండే ప్లగ్గర్ దాన్ని సింగర్ ఆల్బమ్ నిర్మాతకు వినిపిస్తాడు. నచ్చితే ఆ సింగర్ కోసమని 'హోల్డ్'లో, అంటే పక్కన, పెడతారు. హోల్డ్ అంటే పెళ్లిచూపులయ్యాక 'ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం' అనడం లాంటిది. పైసా రాదు, నెలలు గడుస్తాయి. పైగా ఇప్పుడు చాలామంది సింగర్లు ఆ గదిలో తామే కూర్చుని రాస్తున్నారు. బయటి పాటకు దొరికే చోటు తగ్గింది.

డబ్బు లెక్క కూడా వినండి. 2024లో అమ్ముడైన ప్రతి డౌన్‌లోడ్‌కు, సీడీలో ప్రతి పాటకు, పాట రాసినవాళ్ల తరఫున చట్టం పెట్టిన రేటు 12.4 సెంట్లు. ముగ్గురు రాస్తే తలా నాలుగు సెంట్ల చిల్లర. అందులో సగం పబ్లిషర్‌కు పోతే లక్ష కాపీలకు అమ్మాయి చేతికొచ్చేది సుమారు రెండు వేల డాలర్లు. అసలు డబ్బు రేడియోలో హిట్ అయినప్పుడు వస్తుంది. అమెరికాలో ఎఫ్‌ఎం రేడియో సింగర్‌కు ఇవ్వకపోయినా రచయితకు ఇస్తుంది. అది రచయితల తరఫున వసూలు చేసే ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థల ద్వారా అందుతుంది.

ఇక డిగ్రీ. సాంగ్ రైటింగ్ డిగ్రీ ఈమధ్య ఫ్యాషనైంది. బెల్మాంట్ మంచి చోటే, కాదనను. కానీ ప్రైవేటు ఫీజు. రచన నేర్పగలరు, పరిచయాలూ దొరుకుతాయి. అయితే నాష్‌విల్‌లో ఏ పబ్లిషరూ సర్టిఫికెట్ చూసి పాట తీసుకోడు. ఆ పరిచయాల కోసమే నాలుగేళ్ల అప్పు చేయాలా అన్నది నా అనుమానం. మరీ పట్టుబడితే నాష్‌విల్ దగ్గర్లోని మర్‌ఫ్రీస్‌బరోలో ఎంటీఎస్‌యూ (మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ) ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ, టెనెసీవాళ్లకు ఫీజు తక్కువ, రికార్డింగ్ పరిశ్రమ చదువుకు పేరుంది. నేనైతే ఉన్న డిగ్రీ పూర్తి చేయమంటాను. పేరున్న కంట్రీ పాటల రచయిత క్రిస్ క్రిస్టోఫర్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం చదివి, సైన్యంలో కెప్టెన్‌గా చేసి, 1965లో నాష్‌విల్ వచ్చి కొలంబియా స్టూడియోలో నేల ఊడ్చాడు. పాటలు ఆ తర్వాతే మోగాయి. ఇంట్లోవాళ్లు ఆయన్ని దూరం పెట్టారు. మీరు ఆ పని చేయకండి.

మీరు పోల్చి చెప్పమన్నారు, నేను సగమే చెప్పాను. నిజానికి మీ భయం డిగ్రీ గురించి కాదు. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, గిటార్ స్థానంలో ఒకసారి కెమెరా, ఒకసారి క్రికెట్ బ్యాట్. కింద ఉండేది ఒకటే: పిల్ల చెయ్యిదాటిపోతోందేమో, నలుగురూ నవ్వుతారేమో. చెయ్యేమీ దాటలేదు. ఏడాదిగా ఒక పని వదలకుండా చేస్తున్న పిల్ల అది, కంప్యూటర్స్‌లో ఫెయిల్ అయిందని కూడా మీరు రాయలేదు. బంధువులడిగితే 'చదువుకుంటోంది, పాటలు రాస్తోంది' అనండి. రెండూ నిజమే కదా.

అమ్మాయికి ఒక మాట చెప్పండి. ట్రక్కు, బీరు పెడితేనే కంట్రీ పాట కాదు. తాతగారి మిరప చేను గురించి రాసినా సరే, కళ్లకు కట్టాలి. 1967 నుంచి ఉన్న ఎన్‌ఎస్‌ఏఐ అనే రచయితల సంఘంలో చేరితే అనుభవజ్ఞులు పాట విని లోపాలు చెబుతారు. 1,500తో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

సెలవుల్లో ఒక సోమవారం మీరే కారు తీసి అమ్మాయిని నాష్‌విల్ తీసుకెళ్లండి, మూడు గంటల దారి. అక్కడ 1982లో మొదలైన బ్లూబర్డ్ కెఫేలో సోమవారాలు కొత్తవాళ్లు పాడే ఓపెన్ మైక్ ఉంటుంది. వెళ్లే ముందు పేరు ఎలా ఇవ్వాలో చూసుకోండి. సుమారు 90 సీట్ల చిన్న చోటు. పాట నడుస్తుండగా మాట్లాడితే ఊరుకోరు, కాబట్టి కంప్యూటర్ సైన్స్ సంగతి తిరుగు ప్రయాణంలో ఎత్తండి.